మెదడువాపు తగ్గాక

టీచర్లందరికీ నమస్కారం.

కాలు బెణికితే వాస్తుంది. చర్మం సాగుతుంది కాబట్టి ఆ వాపుకి చోటు దొరుకుతుంది. మెదడు చుట్టూ ఉన్నది పుర్రె, అది సాగదు. లోపల వాచిందంటే ఒత్తిడంతా మెదడు మీదే పడుతుంది. తలపోటు, వాంతులు, ఫిట్స్, పొంతనలేని మాటలు అందుకే వస్తాయి.

2003 జూన్, ఆగస్టు నెలల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వస్తే 183 మంది దక్కలేదు. చాలామంది ఆసుపత్రిలో చేరిన రోజే పోయారు. పరీక్షల్లో చండీపురా వైరస్ బయటపడింది. గోడల పగుళ్లలో ఉండే ఇసుక ఈగ దాన్ని మోసుకొస్తుంది. జపనీస్ మెదడువాపుది వేరే దారి. పందుల్లో, కొంగల్లో పెరిగిన వైరస్‌ని వరిమడుల్లో పుట్టే దోమ మనిషికి ఎక్కిస్తుంది. దానికి టీకా ఉంది. మనిషి నుంచి మనిషికి అది అంటదు. కాబట్టి జబ్బు తగ్గి బడికొచ్చిన పిల్లవాణ్ణి దయచేసి దూరంగా కూర్చోబెట్టకండి.

నేను చెప్పాలని వచ్చింది ఆ పిల్లవాడి గురించే.

నేను చూసిన ఒక బాబుకి హెర్పిస్ వైరస్ వల్ల మెదడు వాచింది. ఆ వైరస్ ఎక్కువగా కణతల వెనక భాగాన్ని దెబ్బతీస్తుంది. కొత్త విషయాలు గుర్తుండడానికి ఆ భాగమే ముఖ్యం. అసైక్లోవిర్ ఇంజెక్షన్లు త్వరగా మొదలుపెట్టడంతో ప్రాణం దక్కింది. ఎక్కాలు గడగడా చెప్పేవాడు, అవి పాతవి కదా. అన్నం తిని చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకే "అమ్మా, ఆకలి" అనేవాడు. ఇప్పుడే తిన్నావంటే ఏడ్చేవాడు. చివరికి వాళ్లమ్మ వంటింటి తలుపు మీద సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టింది: "మధ్యాహ్నం తిన్నావు. పప్పు, పెరుగు." వాడు చదువుకుని ఊరుకునేవాడు.

బళ్లో మాత్రం హోంవర్క్ మర్చిపోయినందుకు వాడికి దెబ్బలు పడ్డాయి. అది పొగరు కాదండీ, గాయం. ఇలాంటి పిల్లలకి కోపం తొందరగా వస్తుంది, నీరసం ఎక్కువ, ఫిట్స్ రావచ్చు. ఒకసారికి ఒకే పని చెప్పండి. బోర్డు మీద రాసి ఉంచండి. మధ్యాహ్నం కాసేపు పడుకోనివ్వండి.

ఇంకొకటి. జ్వరంతో ఉన్న పిల్లవాడు ఉన్నట్టుండి తిక్కగా మాట్లాడినా, మత్తుగా వాలిపోయినా గాలి సోకిందని తాయెత్తు కట్టించే లోపు 108కి ఫోన్ చేయండి. తల్లిదండ్రులు వచ్చేదాకా కూడా ఆగొద్దు.