ఆ ఫైలు నేను తెరవలేదు

సభలోని ఆటగాళ్ళందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా తలచుకోవడం ఆనవాయితీ. వారి అనుమతితో ఆ రెండు నిమిషాలు కూడా నేనే తీసుకుంటాను. బీటా అంటే ఆట పూర్తిగా సిద్ధం కాకముందే పరీక్షించడానికి ఆటగాళ్ళకు ఇచ్చే వెర్షన్. దాని తర్వాతి అప్‌డేట్ వచ్చేలోగా పనికొచ్చే ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలో చెప్పమని నన్ను పిలిచారు. చెప్పవలసినవన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకొచ్చాను. అయితే ఆ కాగితం విప్పే ముందు ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మీకు సలహాలిచ్చే హక్కు నాకు లేదు.

ఆటగాడూ శత్రువూ వంతులవారీగా దళాలను కదిపే ఒక వ్యూహాత్మక కంప్యూటర్ ఆటను తయారుచేసే చిన్న బృందంలో కొన్నేళ్ళు పనిచేశాను. ఆటగాళ్ళు పంపేవన్నీ చదవడం, ముఖ్యమైనవి ఏరి ప్రోగ్రాం రాసేవారికి అందించడం నా పని. బయట ఫీడ్‌బ్యాక్ అంటారు గానీ, లోపల మేము వాటిని ఉత్తరాలనే పిలుచుకునేవాళ్ళం. ఒక బీటా విడుదలైన వారానికే ఉత్తరాలు వెల్లువెత్తాయి. అన్నింటిదీ ఒకటే మాట: శత్రు విలుకాండ్రు మరీ బలంగా ఉన్నారు, తగ్గించండి. కొందరు కోపంగా రాశారు, కొందరు బతిమాలారు. ఒకరు ఎంత తగ్గించాలో అంకె కూడా చెప్పారు.

తగ్గించాం. బాణం దెబ్బ 12 ఉండేది, 8 చేశాం.

తర్వాతి అప్‌డేట్‌లో విలుకాండ్రను పట్టించుకునేవారే లేకపోయారు. అడ్డుకునే బాణాలు లేక గుర్రపు దళాలు మైదానాన్ని దున్నేశాయి. ఈసారి ఉత్తరాలన్నీ గుర్రాల మీదే. వాటినీ తగ్గించాం. అప్పుడు ఈటెలవాళ్ళు లేచారు. ఇలా రెండు అప్‌డేట్‌లు, ఐదు నెలల శ్రమ, ఒక్కో దళాన్ని కోసుకుంటూ పోవడంలోనే గడిచిపోయాయి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది మేము చేసిన పని. ఈనింది నిజంగా ఎద్దేనా అని ఒక్కరం కూడా వెళ్ళి చూడలేదు.

ఒక సాయంత్రం పాత ఉత్తరాలు సర్దుతుంటే, మొదటి బీటా వచ్చిన మూడో రోజున అందిన ఉత్తరం ఒకటి కనబడింది. అందులో పలకరింపు లేదు, కోపం లేదు. నాలుగు వాక్యాలు. "117వ వంతు మధ్యలో సేవ్ చేశాను. తిరిగి తెరిచాక, అదే వంతులో అప్పటికే బాణం వేసిన శత్రు విలుకాడు మళ్ళీ వేశాడు. మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ అంతే. ఫైలు జతచేశాను."

తెరిచాను. పది నిమిషాల్లో విషయం బయటపడింది. మన దళం పరిధిలోకి అడుగుపెడితే శత్రు విలుకాడు వంతుకు ఒక్కసారే బాణం వేయాలన్నది ఆట నియమం. వేశాడన్న గుర్తు ఆట నడుస్తున్నంతసేపూ ఉంటోంది, సేవ్ ఫైలులోకి మాత్రం ఎక్కడం లేదు. తిరిగి తెరవగానే విలుకాడు ఇంకా బాణమే వేయనట్టు లెక్క. ప్రమాదకరమైన అడుగు వేసే ముందు సేవ్ చేసుకుని, వికటిస్తే మళ్ళీ తెరిచి ప్రయత్నించే జాగ్రత్తపరులే ఎక్కువ దెబ్బ తిన్నారు. వాళ్ళ ఫిర్యాదు నిజం. వాళ్ళు చెప్పిన మందు తప్పు. దిద్దుబాటు ప్రోగ్రాంలో ఒక్క వరుస.

ఆ ఉత్తరాన్ని నేను మొదట్లోనే ఎందుకు చదవలేదు? మద్దతు పలికినవారి సంఖ్యను బట్టి ఉత్తరాలను పేర్చుకునేవాణ్ణి. విలుకాండ్రను తగ్గించమన్న ఉత్తరం కింద వందల మద్దతులు. దీని కింద ఒక్కటీ లేదు. రాసిన వ్యక్తి ఆ తర్వాత మాకు మళ్ళీ రాయలేదు.

ఇప్పుడు కాగితం విప్పుతాను. కానీ దాని మీదున్న వరుసలో చెప్పలేను, క్షమించండి.

మొదటి మాట. మీకు ఏం జరిగిందో రాయండి, దానికి మీరనుకున్న మందు తర్వాత. విలుకాడి దెబ్బ తగ్గించమన్నది మందు. విలుకాడు రెండుసార్లు బాణం వేశాడన్నది జరిగిన సంగతి. మందు చెప్పవద్దని నేను అనడం లేదు. రోగి తన ఊహను వైద్యుడికి చెప్పవచ్చు, అయితే నొప్పి ఎక్కడో చెప్పాకే చెప్పాలి.

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే ఆట మీలో చాలామందికి తెలుసు. భూగర్భంలో కోట కట్టి, మరుగుజ్జుల జీవితాలను నడిపించే ఆట. 2015 చివర్లో అందులోకి మద్యశాలలు వచ్చాయి. అవి రాగానే ఆటగాళ్ళకు ఒక వింత ఎదురైంది. మద్యశాలల్లో పిల్లులు వాంతులు చేసుకుని చచ్చిపోతున్నాయి. అక్కడ పిల్లులతో ఎవరూ తాగించడం లేదు, ఎవరూ పోరాడడం లేదు. ఆటను రూపొందించిన టార్న్ ఆడమ్స్ ఆ చావుల వెనకబడ్డారు. మరుగుజ్జుల కప్పుల నుంచి మద్యం నేల మీద ఒలుకుతోంది. పిల్లులు దానిలో నడుస్తున్నాయి. పిల్లులు ఒళ్ళు నాక్కుని శుభ్రం చేసుకుంటాయని ఆటలో ఎప్పటి నుంచో ఉంది. పాదం నాకినప్పుడు కడుపులోకి పోయేది ఒక చుక్కే అయినా, ఆట దాన్ని నిండు కప్పుగా లెక్కపెట్టింది. చిన్న శరీరం, పెద్ద మోతాదు. పిల్లి చచ్చిపోయింది.

ఇప్పుడు ఆలోచించండి. "పిల్లులు బలహీనంగా ఉన్నాయి, బలం పెంచండి" అని మాత్రమే అందరూ రాసి ఉంటే? పెంచేవారేమో. ఎక్కడ చచ్చాయి, చచ్చే ముందు ఏం కనబడింది అన్న మాటలే దారి చూపించాయి. వాంతి అన్న ఒక్క మాటకు అంత విలువ ఉంది.

వ్యూహాత్మక ఆటల్లో ఇది మరీ కష్టం. పరుగెత్తి దూకే ఆటలో తప్పు కళ్ళెదుటే జరుగుతుంది: గోడలోంచి దూరిపోయాడు, అంతే. మన ఆటల్లో 30వ వంతులో జరిగిన పొరపాటు 180వ వంతులో రాజ్యాన్ని కూలుస్తుంది. 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే వ్యూహాత్మక ఆటను చూడండి. పలువురు కలిసి ఆడేటప్పుడు వేల కదలికలను నాటి ఫోను తీగల మీద పంపడం సాధ్యం కాదు. అందుకని ఆటగాళ్ళ ఆదేశాలను మాత్రమే పంపేవారు. మిగతా ఆటను ప్రతి కంప్యూటరూ తనంతట తాను ఒకేలా లెక్కగట్టుకోవాలి. ఎక్కడో రవ్వంత తేడా వస్తే రెండు ఆటలు విడిపోయేవి. దాన్ని తయారుచేసినవారే ఒక ఉదాహరణ చెప్పారు. పటం తయారైనప్పుడు ఒక జింక వెంట్రుకవాసి పక్కకు నిలబడింది. కాబట్టి మేత కొంచెం వేరుగా మేసింది. కొన్ని నిమిషాల తర్వాత ఒక పల్లెవాసి ఈటె గురి తప్పింది, మాంసం ఇంటికి రాలేదు. లెక్కలు సరిపోలడం లేదని ఆట ఆగిపోయింది. ఆటగాడికి కనబడింది ఆగిపోవడం. కారణం ఎప్పుడో వెనక నిలబడిన జింక.

అందుకే సేవ్ ఫైలు, సేవ్ ఫైలు అని ప్రాణం తీస్తాం. మీ మాట మీద నమ్మకం లేక కాదు. జింక దగ్గరకు వెనక్కి నడవడానికి మాకు వేరే దారి లేదు. దయచేసి చేతులెత్తండి: మీరు చివరిసారి "ఇది అన్యాయం" అనుకున్న ఆట ఫైలు ఇప్పటికీ ఎంతమంది దగ్గరుంది? ...వెనక వరుసలో ముగ్గురు, ఈ పక్క ఇద్దరు. సంతోషం. మిగతావారికి ఒక్క విన్నపం. ఆట తనంతట తాను దాచే ఫైళ్ళు కొన్నే ఉంటాయి, కొత్తవి వచ్చేకొద్దీ పాతవాటిని చెరిపేస్తాయి. వింత కనబడగానే ఆట ఆపి, ఆ ఫైలుకు, దాని ముందు వంతు ఫైలుకు వేరే పేరు పెట్టి దాచండి. వెర్షన్ సంఖ్య, కఠినత స్థాయి, మీరేమైనా మాడ్‌లు, అంటే ఆటను మార్చడానికి బయటివారు తయారుచేసిన చేర్పులు, వాడుతున్నారా అన్నది పక్కనే రాసుకోండి. వీలైతే మాడ్‌లన్నీ తీసేసి మరోసారి ఆడి చూడండి.

అన్యాయం అన్నాను కాబట్టి శాతాల మాట కూడా. 90 శాతం తగులుతుందని ఆట చూపించింది, తగల్లేదు, కాబట్టి ఆట మోసం చేస్తోందని రాసిన ఉత్తరాలు నేను ఎన్ని చదివానో చెప్పలేను. 90 శాతం దాడిని పదిసార్లు చేస్తే పదికి పదీ తగిలే అవకాశం 35 శాతమే. అంటే పది దాడుల్లో కనీసం ఒకటి తప్పడమే సహజం. సివిలైజేషన్ అనే వ్యూహాత్మక ఆటల సృష్టికర్త సిడ్ మయర్ 2010లో ఒక ప్రసంగంలో ఈ సంగతే చెప్పారు. బలం మూడుకు ఒకటిగా ఉన్న పోరులో ఓడిపోతే ఆటగాళ్ళు ఒప్పుకోలేకపోయారట. లెక్క సరైనదే అయినా మనసు ఒప్పలేదు కాబట్టి, వాళ్ళు ఆటనే కొంత మార్చుకున్నారు. ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, వాళ్ళు ఆటగాడి బాధను కొట్టిపారేయలేదు. కాబట్టి "నాకు మోసంగా అనిపించింది" అని తప్పకుండా రాయండి. "ఆట మోసం చేస్తోంది" అని రాయాలంటే మాత్రం వంద దాడులు లెక్కపెట్టి రాయండి.

సమతూకం సంగతీ అంతే. పలక మీద నల్లరాళ్ళు, తెల్లరాళ్ళతో ఇద్దరు ఆడే గో ఆటలో ముందు ఆడే నల్లరాళ్ళకు కొంత అనుకూలత ఉంది. దాన్ని సరిచేయడానికి తెల్లరాళ్ళకు పరిహారంగా కొన్ని పాయింట్లు ఇస్తారు. జపాన్‌లో అది 5.5గా ఉండేది. అదీ చాలడం లేదని ఆటల ఫలితాలు లెక్కపెట్టి చూశాక, 2002లో 6.5 చేశారు. ఒక్క పాయింటు కోసం అంత ఓపిక! ఆట ఆగిపోతోందన్న ఫిర్యాదు మొదటి రోజే పంపండి, గంట కూడా ఆగవద్దు. సమతూకం గురించిన ఫిర్యాదును మాత్రం ఒక్క ఓటమి చూసి పంపవద్దు.

విసుగు. ఇది నా కాగితంలో లేదు, ఇప్పుడే గుర్తొచ్చింది. చాలామంది విసుగు గురించి రాయడానికి మొహమాటపడతారు. నేను చదివినవాటిలో అతి విలువైన వాక్యాల్లో ఒకటి ఇది: "160వ వంతు దగ్గర నుంచి చూడకుండానే 'తర్వాత' బొత్తాం నొక్కుతున్నాను." ఆ వాక్యాన్ని బల్ల ముందు అతికించుకున్నాం. రాజ్యం పెరిగేకొద్దీ చేయాల్సిన పనులు పెరుగుతాయి, తేల్చుకోవలసిన విషయాలు మాత్రం చిన్నవైపోతాయి. ఎక్కడి నుంచి చిన్నవయ్యాయో ఏ యంత్రమూ చెప్పలేదు. అది మీ వేలికే తెలుసు. ఏ వంతులో విసుగు పుట్టిందో రాయండి. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఇక ఎదురుచూపు. ఇంకెప్పుడు అప్‌డేట్ అని అడిగే హక్కు మీకుంది. కానీ ఈ ఖాళీ రోజులు మనకు మళ్ళీ దొరకవు. పాత వెర్షన్ ఇప్పుడు మీ చేతిలో ఉంది. కొత్తది వచ్చాక అది మాయమవుతుంది, పాత ఫైళ్ళు తెరుచుకోకపోవచ్చు కూడా. ఒకే పటం మీద, ఒకే స్థాయిలో రెండు మూడుసార్లు ఆడి, మొదటి నగరం ఎన్నో వంతులో కట్టారో, మొదటి యుద్ధం ఎప్పుడొచ్చిందో, గెలుపు ఎప్పుడు ఖాయమైందో రాసి పెట్టండి. కొత్త వెర్షన్‌లోనూ అలాగే ఆడి పోల్చండి. ముందు కొలవకపోతే, మారిందని చెప్పడానికి మన దగ్గర జ్ఞాపకం తప్ప ఏమీ మిగలదు.

అంతకన్నా పెద్ద విన్నపం ఒకటి ఉంది. అసలు నేను వచ్చింది దానికోసమే. కొత్త ఫిర్యాదు రాసే ముందు ఇతరులు రాసినవి చదవండి. అడుగున, ఎవరూ పట్టించుకోనివి చదవండి. అక్కడ నాలుగు వాక్యాల ఉత్తరం ఒకటి ఉంటుంది, వంతు సంఖ్యతో, ఫైలుతో. దానికి ఉత్త మద్దతు తెలిపి వదిలేయకండి. ఆ పని మీ కంప్యూటర్లో చేసి చూడండి. జరిగితే "నాకూ జరిగింది, ఇదిగో నా ఫైలు" అని కింద రాయండి. జరగకపోతే అదీ రాయండి, అది కూడా సమాచారమే. ఉత్తరాలు చదివే మనిషి అలసిపోయి ఉంటాడు, ఎక్కువమంది నిలబడిన చోటికే ముందు వెళతాడు. నేనూ అలాగే వెళ్ళాను. ఆనాడు ఆ ఉత్తరం కింద రెండో ఫైలు ఒక్కటి ఉన్నా నా చూపు అక్కడ ఆగేది. ఇప్పుడు ఆ ఉద్యోగంలో ఉన్నవారు ఈ సభలో ఉంటే వారికీ చెబుతున్నాను: రోజుకు ఒక్క గంట, మద్దతు లేని ఉత్తరాలకు ఇవ్వండి.

ఆ ఫైలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ వెర్షన్ నడిచే పాత కంప్యూటరు కూడా ఉంచుకున్నాను. అప్పుడప్పుడు తెరుస్తాను. 117వ వంతు, కొండ అంచున ఒక విలుకాడు, కింద లోయలో రెండు ఈటె దళాలు. రాసినవారికి నేను ఆలస్యంగా సమాధానం పంపాను, అది చేరిందో లేదో తెలియదు. ఈ సభలో వ్యూహాత్మక ఆటలు ఆడేవారు ఇంతమంది ఉన్నారు. ఆ నాలుగు వాక్యాలు మీవే అయితే, సభ అయిపోయాక నేను తలుపు దగ్గర నిలబడి ఉంటాను. దయచేసి ఒక్కసారి వచ్చి కలవండి.