పిసంక: ఉక్రెయిన్ ఈస్టర్ గుడ్డును మైనంతో ఇలా గీస్తారు

[దృశ్యం: కార్పాతియన్ కొండలు, కోస్మాచ్ ఊరు]

ఎక్కడో ఒక కొండకు దుష్టసర్పాన్ని గొలుసులతో కట్టేశారట. ఏటా పిసంకలు ఎక్కువ గీస్తే గొలుసులు బిగుస్తాయి, తగ్గితే వదులవుతాయి. ఉక్రెయిన్‌లోని హుత్సుల్ జనం చెప్పుకునే కథ ఇది. సోవియట్ కాలంలో ఈ ఆచారాన్ని అణచివేశారు. అయినా పల్లెల్లోనూ, కెనడా, అమెరికాలకు వలస వెళ్లినవాళ్ల ఇళ్లలోనూ బతికింది. 2024లో యునెస్కో జాబితాకెక్కింది.

[దృశ్యం: బల్ల మీద పచ్చి గుడ్డు, కొవ్వొత్తి, తేనెమైనం]

పిసంక తినడానికి కాదు. ఉడకబెట్టి, ఒకే రంగు వేసి, పండగనాడు తినేవి క్రాషంకలు. పిసంకను పచ్చి గుడ్డు మీదే గీసి ఇంట్లో దాచుకుంటారు, ఇష్టమైనవాళ్లకు ఇస్తారు.

ముందు చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోండి. జిడ్డు వేలు తగిలినచోట రంగు సరిగా పట్టదు.

[క్లోజప్: కిస్త్కా]

దీని పేరు కిస్త్కా. పుల్ల చివర సన్నటి లోహపు గరాటు. దాన్ని మంటలో వేడిచేసి తేనెమైనంలో గుచ్చితే, కరిగిన మైనం గరాటులోకి చేరుతుంది. గీసేటప్పుడు కిస్త్కాను కదపకుండా గుడ్డునే మెల్లగా తిప్పండి. గీత వణకదు.

[దృశ్యం: సీసాల్లో పసుపు, ఎరుపు, నలుపు రంగులు]

బాతిక్ చీర పని తెలిసినవాళ్లకు కిటుకు ఇట్టే అర్థమవుతుంది. మైనం కప్పినచోట కొత్త రంగు అంటదు. తెల్లగా మిగలాల్సిన గీతలు ముందు గీసి, గుడ్డును పసుపులో ముంచుతాం. పసుపుగా మిగలాల్సినవి గీసి ఎరుపులో ముంచుతాం. చివరికి నలుపు. అంటే వేసేది కాదు, మిగల్చాల్సింది ముందే ఆలోచించుకోవాలి. నాకు ఈ కళలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఒకసారి పడ్డ గీతను చెరపడం కష్టం కాబట్టి, మొదటి గుడ్డుకు సూర్యుడు, చేప, గోధుమకంకి లాంటి పాత గుర్తుల్లో ఒక్కటి చాలు.

[క్లోజప్: మంట పక్కన నల్లటి గుడ్డు]

ఇప్పుడు గుడ్డును మంటకు పక్కగా పట్టుకోండి. మంటకు పైన పట్టుకుంటే మసి అంటుకుంటుంది. మైనం మెరవగానే మెత్తటి గుడ్డతో తుడవండి. కొంచెం కొంచెంగా, తొందర వద్దు.

లోపలి సొన చిన్న రంధ్రం చేసి ఊదేయొచ్చు. అలాగే ఉంచితే ఏళ్ల తరబడి మెల్లగా ఎండిపోతుంది. కాబట్టి గాలి ఆడేచోట, ఎండ తగలకుండా పెట్టండి. మూత బిగించిన డబ్బాలో మాత్రం పెట్టొద్దు.