రెండు ఆఫర్లు, శుక్రవారం గడువు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: హైకోర్టు సీనియర్ న్యాయవాది, కార్పొరేట్ లా ఫర్మ్‌లో పనిచేస్తున్న అసోసియేట్, ఐదేళ్ల లా కోర్సు ఆఖరి ఏడాది విద్యార్థిని.)

వ్యాఖ్యాత: నమస్కారం. లా చదివే పిల్లలకు చివరి రెండేళ్లూ టెన్షనే. ముందు ఇంటర్న్‌షిప్ దొరకాలి. దొరికాక, ఉద్యోగం కూడా ఇస్తామని ఇద్దరు అడిగితే ఎవరికి సరేననాలి? దరఖాస్తుల నుంచి మొదలుపెడదాం. సార్, మీకు మెయిల్స్ బాగా వస్తాయా?

సీనియర్ న్యాయవాది: వేసవి సెలవుల ముందు రోజూ వస్తాయి. మొన్న ఒకబ్బాయి, మీ క్యాపిటల్ మార్కెట్స్ ప్రాక్టీస్ నన్నెంతో ఆకట్టుకుంది అని రాశాడు. అంటే షేర్లు, బాండ్ల వ్యవహారాలు. నేను చేసేది ఆస్తి పంపకాల దావాలు, సివిల్ అప్పీళ్లు. మా క్లర్కుకు చదివి వినిపిస్తే, "మనకు మార్కెట్ల మడిగెలేమన్న ఉన్నయా సార్?" అన్నాడు. (నవ్వులు)

అసోసియేట్: మాకొచ్చే కవరింగ్ లెటర్లలో వేరే ఫర్మ్ పేరు మిగిలిపోయి ఉంటుంది. అది చూశాక ఇంక కిందికి చదవం. ఒక్క పేజీ సీవీ చాలు. కాలేజీల్లో జరిగే నమూనా వాదనల పోటీలు, అవే మూట్ కోర్టులు, పదింటి పేర్లు రాసేకంటే, నాంపల్లి కోర్టులో ఒక లాయర్ గారి దగ్గర నెల రోజులున్నాను, మూడు బెయిల్ పిటిషన్లు డ్రాఫ్ట్ చేశాను అని రాస్తే నేనైతే ఆగి చూస్తాను.

విద్యార్థిని: నల్సార్ లాంటి పెద్ద లా యూనివర్సిటీలో రిక్రూట్‌మెంట్ కమిటీ ఉంటుంది, ఫర్మ్‌లే క్యాంపస్‌కు వస్తాయి. మాది లాసెట్ రాసి చేరిన కాలేజీ అక్కా. నేను 60 మెయిల్స్ పెడితే జవాబిచ్చింది నలుగురు. అందులో రెండు, ఇప్పుడు ఖాళీ లేదని.

అసోసియేట్: నేనూ లాసెట్ కాలేజీ నుంచే వచ్చాను. రెండో రిమైండర్‌కు కూడా జవాబు రాకపోతే నేరుగా ఆఫీసుకు వెళ్లి సీవీ ఇచ్చేదాన్ని. రిసెప్షన్ దగ్గర కూర్చోవాలంటే మొదట్లో నామోషీగా ఉండేది.

వ్యాఖ్యాత: ఇంటర్న్‌షిప్ తప్పనిసరే కదా?

సీనియర్ న్యాయవాది: బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు, మూడేళ్ల కోర్సుకు 12 వారాలు. ఏ ఏడాదిలోనూ ఏకబిగిన 4 వారాలు దాటకూడదు. ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు లాయర్ల దగ్గర ఒక్కసారైనా ఉండి తీరాలి. నిజం చెప్పాలంటే ఈ వారాలన్నీ సర్టిఫికెట్ మీదే కనిపిస్తాయి. మొదటి రోజు ఒకసారి, చివరి రోజు సంతకానికి ఒకసారి వచ్చేవాళ్లున్నారు.

వ్యాఖ్యాత: పని నేర్చుకోవడానికే వచ్చారని ఎలా గుర్తుపడతారు?

సీనియర్ న్యాయవాది: ఒక కేసు కాగితాల కట్ట విప్పి ముందు పెడతాను. రెండు పేజీల్లో తేదీల జాబితా రాసుకురా అంటాను, అంతే. కిందటేడు ఒకమ్మాయికి స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా, అంటే ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషన్ చేసి తీరాలని వేసిన కేసు ఇచ్చాను. మాది డిఫెండెంట్ పక్షం. 2009లో రాసుకున్న అగ్రిమెంట్. సాయంత్రానికి జాబితా పట్టుకొచ్చి, "సార్, రిజిస్ట్రేషన్ 2010 మార్చిలోపు చేయాలని ఆరో క్లాజులో ఉంది, దావా వేసింది 2014లో, మూడేళ్లు దాటింది కదా" అని అడిగింది. దావాలకు గడువు పెట్టే లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ అదే. గడువు తేదీ ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లు, లేకపోతే నిరాకరించారని తెలిసినప్పటి నుంచి. మా జూనియర్ ఆ కట్టను రెండుసార్లు చదివాడు. ఆరో క్లాజు వాడి కంటికి ఆనలేదు. (నవ్వు) ఆ అమ్మాయి ఇప్పుడు నా ఆఫీసులోనే ఉంది.

వ్యాఖ్యాత: అమ్మా, ఇక నీ సంగతి చెప్పు. రెండు ఆఫర్లున్నాయి కదా.

విద్యార్థిని: ముంబై ఫర్మ్‌లో కార్పొరేట్ టీమ్, నెలకు 80 వేలు. శుక్రవారం సాయంత్రంలోపు చెప్పమన్నారు. హైదరాబాద్‌ ఫర్మ్‌లో డిస్ప్యూట్స్ టీమ్, 40 వేలు. ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీల కేసులు చూసే ట్రైబ్యునల్, ఇంకా హైకోర్టు పనులు. వాళ్లు నోటిమాటగా ఖాయం అన్నారు గానీ లెటర్ ఇంకా రాలేదు.

అసోసియేట్: లెటర్ రానిది ఆఫర్ కాదు. ముందు అది తెప్పించుకో. ఇక 80, 40 అని పక్కపక్కన పెట్టి చూడకు. ఫర్మ్‌లు మామూలుగా ఇచ్చేది జీతం కాదు, రిటైనర్, అంటే నెలనెలా ఇచ్చే ఫీజు. 10 శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తారు, పీఎఫ్ ఉండదు. అంటే 80 అన్నది చేతికొచ్చేసరికి 72. మిగతాది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేశాకే. లోయర్ పరేల్‌లో ఆఫీస్ అనుకో, అంధేరీలో ముగ్గురు కలిసి ఇల్లు తీసుకుని లోకల్ ట్రైన్‌లో వేలాడాలి. నేను రెండేళ్లు వేలాడాను.

వ్యాఖ్యాత: అంటే హైదరాబాద్ నయమంటారా?

అసోసియేట్: అనట్లేదండీ. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లకు 72 వేలు చిన్న మాట కాదు. కోర్టులోనే అసలు చదువంతా అని పెద్దలు సులభంగా అంటారు. జూనియర్లకు పట్నాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలైనా ఇవ్వండని 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సార్, ఏమీ అనుకోకపోతే, మీ ఆఫీసులో మొదటేడు ఎంతిస్తారు?

సీనియర్ న్యాయవాది: పదిహేను. (ఆగి) తక్కువే. నాకు మా సీనియర్ గారు బస్ పాస్ డబ్బులిచ్చేవారని చెప్పి ఇన్నాళ్లూ తప్పించుకున్నాను. ఇక్కడ ఆ మాట చెల్లదులే.

వ్యాఖ్యాత: అమ్మా, మీ ఇంట్లో ఏమంటున్నారు?

విద్యార్థిని: అమ్మకు నేను జడ్జినవ్వాలని. నల్గొండలో మా ఇంటి ఎదురుగా ఒక మేజిస్ట్రేట్ గారు అద్దెకుండేవారు. అప్పటినుంచీ అదే మాట. నాకూ... లేదని చెప్పలేను.

సీనియర్ న్యాయవాది: అది ముందు చెప్పవేం తల్లీ! ఇంతసేపూ 80, 40 అని లెక్కలు కట్టించావు. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలంది. అది ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే లాయర్‌గా తాత్కాలికంగా పేరు నమోదైన రోజు నుంచి లెక్క. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసినా లెక్కలోకొస్తుంది. కానీ మూడేళ్లూ ప్రాక్టీస్ చేశావని కనీసం పదేళ్ల అనుభవమున్న లాయర్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని మీద జ్యుడీషియల్ అధికారి ధ్రువీకరణ కూడా ఉండాలి. కోర్టు గుమ్మం తొక్కకుండా షేర్ పర్చేజ్ అగ్రిమెంట్లు దిద్దిన అమ్మాయికి సంతకం పెట్టమంటే నాకు మనసొప్పదు.

అసోసియేట్: ఆ మాటకు ఒప్పుకుంటాను. నేను నాలుగేళ్లలో కోర్టుకెళ్లింది రెండుసార్లు. అందులో ఒకసారి బంధువుల కేసు. కంపెనీలో లీగల్ ఆఫీసర్ ఉద్యోగమైతే ఇంకా చిక్కు. పూర్తికాలం జీతం తీసుకునేవాళ్లు ప్రాక్టీస్ చేయకూడదు, ఎన్‌రోల్‌మెంట్ సస్పెండ్ చేయించుకోవాలి. ఫర్మ్‌లో రిటైనర్ మీద ఉంటే ఆ బాధ లేదు. అందుకే లెటర్‌లో రిటైనర్ అని ఉందో, ఎంప్లాయీ అని ఉందో చూసుకోమనేది.

విద్యార్థిని: అలాగని హైదరాబాద్ ఫర్మ్‌లో చేరినా మూడేళ్లూ డ్రాఫ్టింగ్‌లోనే కూర్చోబెడితే?

సీనియర్ న్యాయవాది: అది వాళ్ల పార్ట్‌నర్లను అడిగితే తేలదు. కిందటేడు చేరిన జూనియర్‌ని పట్టుకో. పోయిన నెల నీ పేరుతో ఎన్ని వకాలత్‌లు వేశారు, వాయిదా అడగడానికైనా నిన్ను లేచి నిలబడనిచ్చారా అని అడుగు. బండ్లగూడలో ఎన్‌సీఎల్‌టీకి వెళ్తే వాళ్లు అక్కడే దొరుకుతారు.

అసోసియేట్: ముంబై వాళ్లను కూడా గడువు అడుగు. శుక్రవారం అన్నది రాతిమీద గీత కాదు. వారం పొడిగించమంటే ఆఫర్ వెనక్కి తీసుకునే ఫర్మ్‌లు తక్కువ. ఒకవేళ తీసుకుంటే, అక్కడ సెలవు అడిగినప్పుడు ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసిపోయినట్టు. కానీ సరేనని చెప్పి తర్వాత మానేయకు. ఈ రంగంలో అందరూ అందరికీ తెలుసు.

వ్యాఖ్యాత: ఇంతకీ ముంబై వాళ్లకు ఏం రాస్తావమ్మా?

విద్యార్థిని: (ఫోన్ చూస్తూ) పొద్దున టైప్ చేసి పెట్టుకున్నాను. "మీ ఆఫర్‌కు ధన్యవాదాలు. ఒకవేళ మీకు ఇబ్బంది లేకపోతే, వీలుంటే, మరికొంత సమయం ఇవ్వగలరేమో అని..."

అసోసియేట్: ఒకవేళ, వీలుంటే, ఏమో... ఆ మూడూ తీసెయ్. వచ్చే శుక్రవారం వరకు గడువు ఇవ్వండి అని తేదీతో రాయి.

సీనియర్ న్యాయవాది: ఈలోపు హైదరాబాద్ వాళ్లకు ఫోన్ చెయ్యి, లెటర్ ఎప్పుడిస్తారని. మెయిల్ పెట్టి కూర్చోకు, ఫోనే చెయ్యి.

విద్యార్థిని: ఇప్పుడేనా సార్?

సీనియర్ న్యాయవాది: బ్రేక్ ఉంది కదా. లేచి చేసిరా.