పాత మారుతి 800లో మిస్సింగ్ మళ్లీ మళ్లీ వస్తోందా? ప్లగ్గులు మార్చే ముందు ఇది చూడండి

నమస్కారం అండి. ఇది కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800. 796 సీసీ, మూడు సిలిండర్లు. విజయనగరం టౌన్‌లో బాగానే తిరుగుతోంది. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే మాత్రం ఒకటే కుదుపులు, పికప్ ఉండదు. ఇదే మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం. కొత్త ప్లగ్గులు (నిప్పురవ్వతో పెట్రోల్‌ను మండించేవి) వేయిస్తే కొన్నాళ్లు బాగుంటుంది. ముసురు పట్టిందంటే మళ్లీ మొదటికొస్తుంది.

వాన పడితే వస్తోందంటే ముందు కరెంటు వైపే వెతకాలి. అసలు ఏ సిలిండర్ పని చేయట్లేదో తేల్చుకుందాం.

ఇంజన్ ఆపండి. ఒక ప్లగ్ వైరు తీసి, దానికి స్పేర్ ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప భాగం ఇంజన్‌కు ఆనేలా గట్టిగా కట్టండి. వైరు గాల్లో వదిలేసి స్టార్ట్ చేయొద్దు, ప్లగ్గులకు హై వోల్టేజ్ ఇచ్చే కాయిల్ పోతుంది. నడుస్తున్నప్పుడు చెయ్యి అసలే పెట్టొద్దు, అందులో వేల వోల్టులుంటాయి. ఇప్పుడు స్టార్ట్ చేస్తున్నా. వణుకు పెరిగింది కదా? అంటే ఒకటో సిలిండర్ బాగుంది. ఇదే పని రెండోదానికి... వినండి. ఏ తేడా లేదు. మన సమస్య ఇక్కడే.

రెండో ప్లగ్గు విప్పితే పెట్రోల్‌తో తడిసి ఉంది. దాన్ని ఒకటో సిలిండర్‌కు, ఒకటోదాన్ని ఇక్కడికి మార్చాను. మిస్సింగ్ ప్లగ్గుతో పాటు వెళ్లలేదు, రెండోదాంట్లోనే ఉంది. అంటే ప్లగ్గు తప్పేం లేదు, పాపం.

కాయిల్ కరెంటును ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి లోపల లైటు వేయండి. దగ్గరగా చూడండి, రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. తేమ తగిలితే కరెంటు ఈ గీత పట్టుకుని పక్కకు పోతుంది, ప్లగ్గుకు చేరదు. గుడ్డతో తుడిస్తే పోదు, ప్లాస్టిక్కే కాలిపోయింది. క్యాప్, దాని లోపల తిరిగే రోటర్ రెండూ కలిపి మార్చేయండి. ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకోవడం నాకైతే నచ్చదు. వైర్లన్నీ ఒకేసారి పీకకుండా, పాత క్యాప్ నుంచి కొత్తదానికి ఒక్కొక్కటే మార్చండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-2, తప్పితే బండి సరిగా నడవదు. ప్లగ్ గ్యాప్ (ప్లగ్గు కొనల మధ్య ఖాళీ) 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు.

మీ క్యాప్ శుభ్రంగా ఉంటే వైర్లు చూడండి. భోగాపురం, పూసపాటిరేగ వైపు తిరిగే బళ్లకు ఉప్పుగాలికి వైరు చివర్లు తుప్పు పడతాయి. ఇంజన్ నడుస్తుండగా చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే, తొడుగు చిట్లిన చోట నీలం నిప్పురవ్వలు కనిపిస్తాయి.

అదీ కాకపోతే టాపెట్లు (వాల్వుల దగ్గర ఉండే ఖాళీ) సరి చూపించి, మూడు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి ఒత్తిడి) కొలిపించండి. రీడింగులు రాసి ఇచ్చాకే హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పమనండి.