అదే మందు, కొవ్వు బుడగలో

అందరికీ నమస్కారమండి. 2021 మే నెల గుర్తుందా, కరోనా సెకండ్ వేవ్‌లో కోవిడ్ తగ్గి ఇంటికొచ్చినవాళ్ళకి ముఖం వాచిపోయి, కన్ను చుట్టూ నొప్పి, టెస్ట్ చేస్తే బ్లాక్ ఫంగస్, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళకే ఎక్కువ. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దీనికోసమే నోడల్ సెంటర్ చేశారు. ఏ వాట్సాప్ గ్రూపులో చూసినా ఒకటే మాట, ఈ ఫంగస్‌కి ఇచ్చే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ ఎక్కడన్నా దొరుకుతుందా అని. ఆ "లైపోసోమల్" అనే మాట గురించే ఇవాళ చెప్పాలనుంది.

ఆంఫోటెరిసిన్ పాత మందే, 1950ల నాటిది. ఫంగస్ కణం పొరలో ఎర్గోస్టెరాల్ అని ఉంటుంది, మందు దాన్ని పట్టుకుని పొరకి తూట్లు పొడుస్తుంది. చిక్కేంటంటే మన కణాల పొరలో ఉండే కొలెస్ట్రాల్ దానికి అక్కచెల్లెల్లాంటిది, అందుకే మందు మన కిడ్నీలనీ వదలదు, ఎక్కిస్తుంటేనే చలిజ్వరం, వణుకు, తర్వాత రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే పెరిగే వ్యర్థం) పెరగడం, పొటాషియం పడిపోవడం. షుగర్ వల్ల కిడ్నీలు ముందే దెబ్బతిన్న మనిషి ఎలా తట్టుకుంటాడు చెప్పండి?

1960ల్లో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ అనే సైంటిస్టు, లెసిథిన్ లాంటి కొవ్వుని నీళ్ళలో వేస్తే అది తనంతట తనే చిన్న చిన్న బుడగల్లా చుట్టుకుంటుందని గమనించాడు, అవే లైపోసోములు. ఈ ఇంజెక్షన్‌లో ఒక్కో బుడగ 100 నానోమీటర్ల లోపే, అంటే సుమారు మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు. మందు బుడగ మధ్యలో ఉండదు, ఆ గోడలోనే ఇరుక్కుని ఉంటుంది, కిడ్నీల మీదకి అంత తేలిగ్గా ఊడిరాదు, ఫంగస్‌కి అతుక్కున్నాక మాత్రం అటు దూకేస్తుంది. మందు మారలేదు, మోసుకెళ్ళే బండి మారింది, నాకు ఇందులో నిజంగా అద్భుతం అనిపించేది అదే.

మరి అంత కొరత ఎందుకొచ్చిందంటే, డోసు సాధారణంగా కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు, సీసాలో 50 ఉంటుంది, అంటే 60 కిలోల మనిషికి రోజుకి 6 సీసాలు, అదీ వారాల తరబడి!

ఇంకో మాట, మనం ఏ డ్రిప్‌నైనా సెలైన్ అనేస్తాం కదా, ఈ మందుని మాత్రం ఉప్పునీళ్ళ సెలైన్‌లో కలపరు, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలుపుతారు, ఉప్పు తగిలితే విరిగిపోతుంది. బుడగలో పెట్టినా కిడ్నీకి ముప్పు తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు, అందుకే కోర్సు నడుస్తున్నన్నాళ్ళూ క్రియాటినిన్, పొటాషియం టెస్టులకి రక్తం తీస్తూనే ఉంటారు, రోజూ సూది ఎందుకని పేషెంట్ విసుక్కున్నా దగ్గరున్నవాళ్ళు వద్దనకండి.