పెనం పెద్దదైనా మీ దోశ ముందు రాదు: త్రూపుట్ లెక్క

"మా ఏపీఐ 50 మిల్లీసెకన్లలో రిప్లై ఇస్తుందండీ, త్రూపుట్‌కి ఢోకా లేదు." మీటింగుల్లో ఈ మాట వినపడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఏపీఐ అంటే వేరే ప్రోగ్రాములు రిక్వెస్టులు పంపే కౌంటరు. 50 మిల్లీసెకన్లు దాని లేటెన్సీ బాబూ! ఒక్క రిక్వెస్ట్ ఎంతసేపట్లో తేలిందో అది చెబుతుంది. సెకనుకి ఎన్ని తేలాయి? అది త్రూపుట్. అది మాత్రం ఎవరూ చెప్పరు.

టిఫిన్ సెంటర్‌కి పోదాం. పెనం మీద వాయికి ఆరు దోశలు, వాయికి 3 నిమిషాలు. అంటే నిమిషానికి రెండు. ఓనరు పన్నెండు పట్టే పెనం తెచ్చాడు, మంట కూడా సరిపోయింది. ఇప్పుడు నిమిషానికి నాలుగు. మరి వాయిలో పడ్డ మీ దోశో? అదే 3 నిమిషాలు. పెనం పెద్దదైందని పిండి తొందరగా కాలదు కదా.

[తెర మీద: పెనం, పక్కన చట్నీ కౌంటర్]

ఇక్కడే అసలు తిరకాసు. చట్నీ వేసే కుర్రాడు నిమిషానికి మూడు ప్లేట్లే సర్దగలడు. అంతే, మీ హోటల్ త్రూపుట్ మూడు. నాలుగోది గట్టు మీద చల్లారిపోతుంటుంది. డేటాబేస్ దగ్గర ఇరుక్కుంటే వెబ్ సర్వర్లు పెంచే మహానుభావులు ఉంటారు చూడండి, వాళ్లు ఇంకో పెనం కొంటున్నారన్నమాట. మాడిపోయిన దోశలు కూడా లెక్కలోకి రావు. నెట్‌వర్క్‌లో దారిలో పోయి మళ్లీ పంపిన ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, అవే.

మీ ముందు 30 మంది, తలా ఒక దోశ. నిమిషానికి మూడు చొప్పున 10 నిమిషాలు నిలబడాలి. 1961లో జాన్ లిటిల్ గణితంగా రుజువు చేసిన సూత్రం ఇదే: లోపలున్న సంఖ్య = రేటు × ఉండే సమయం. మూడింట్లో రెండు తెలిస్తే మూడోది ఎవర్నీ అడగక్కర్లేదు.

ఇప్పుడు నెట్. మీది 100 ఎంబీపీఎస్ ప్లాను, అంటే సెకనుకి 100 మెగాబిట్లు. ఫైలు అమెరికాలో ఉంది, రానూపోనూ 200 మిల్లీసెకన్లు అనుకుందాం. నెట్‌లో డేటాని జాగ్రత్తగా చేరవేసే పద్ధతి టీసీపీ. అందిందన్న కబురు రాకుండా అది ఒక హద్దు దాటి పంపదు. పాత హద్దు 65,535 బైట్లు. సెకనుకి ఐదు ట్రిప్పులు... వేసి చూడండి, 2.6 ఎంబీపీఎస్! నూటికి రెండున్నర! సప్లయర్ రెండు ప్లేట్లు పట్టుకుని వీధి చివరిదాకా నడిచి, ఇచ్చి, తిరిగొచ్చాకే మళ్లీ రెండు అందుకుంటున్నాడు. పెనం గోళ్లు గిల్లుకుంటోంది. ఆ హద్దు పేరే విండో. 1992లో విండో స్కేలింగ్ వచ్చి దాన్ని గిగాబైట్ దాకా పెంచింది కాబట్టి బతికిపోయాం. అయినా బఫర్లు, అంటే డేటాని కాసేపు పెట్టుకునే మెమరీ, చిన్నవైతే, ప్యాకెట్లు పోతుంటే మళ్లీ అదే నడక.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. ప్లానులో ఉండేవి బిట్లు, డౌన్‌లోడ్ బారులో సాధారణంగా బైట్లు. ఎనిమిదితో భాగించండి: 100 మెగాబిట్లకి 12.5 మెగాబైట్లు మించదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గొడవ పెట్టుకోకండి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) కేబుల్ మీద 940 దగ్గర ఆగితే అదీ రోగం కాదు, హెడర్లు, అంటే ప్రతి ప్యాకెట్ మీద అంటించే అడ్రసు చీటీలు, తినేసిన వాటా అది.

అనుమానముంటే నెట్‌వర్క్ స్పీడు కొలిచే టూలు ఐపెర్ఫ్ 3ని ఒక స్ట్రీమ్‌తో (ఒకే కనెక్షన్‌తో) నడపండి, తర్వాత ఒకేసారి ఎనిమిదితో. మొత్తం స్పీడు ఒక్కసారిగా పైకి లేచిందా? లైనుకి ఏమీ కాలేదు, సప్లయర్ చేతులే చాలట్లేదు. బఫర్ సెట్టింగులు చూసుకోండి.