స్క్విడ్‌వర్డ్ చేసిన తప్పేంటి?

అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడబోయేది 'స్పాంజ్‌బాబ్ స్క్వేర్‌ప్యాంట్స్' గురించి. సిరీస్ మొత్తం గురించి కాదు, అందులో ఒక్క స్క్విడ్‌వర్డ్ గురించి. ఈ సిరీస్ అంటే నాకు ప్రాణం, అందుకే ఇంత కోపం. కథలు చివరిదాకా చెప్పేస్తాను, స్పాయిలర్లు వద్దనుకునేవాళ్లు ముందు ఎపిసోడ్లు చూసి రండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది కార్టూన్ సిరీస్, 1999లో నికలోడియన్ అనే పిల్లల టీవీ ఛానెల్‌లో మొదలైంది. తయారుచేసింది స్టీఫెన్ హిల్లెన్‌బర్గ్, అంతకుముందు సముద్ర జీవశాస్త్రం పాఠాలు చెప్పిన మనిషి. సముద్రం అడుగున బికినీ బాటమ్ అని ఒక ఊరు, అందులో క్రస్టీ క్రాబ్ అని ఒక రెస్టారెంట్. వంట స్పాంజ్‌బాబ్ చేస్తాడు, కౌంటర్‌లో క్యాషియర్‌గా కూర్చునేది స్క్విడ్‌వర్డ్. పని అయ్యాక ఇంటికి వెళ్లినా మనశ్శాంతి లేదు. ఒక పక్క స్పాంజ్‌బాబ్ పైనాపిల్ ఇల్లు, ఇంకో పక్క వాడి స్నేహితుడు ప్యాట్రిక్ ఉండే బండరాయి, మధ్యలో ఇరుక్కుని ఈయన ఇల్లు. ఈయనకి కావలసిందల్లా కాసేపు క్లారినెట్ వాయించుకోవడం, బొమ్మలు వేసుకోవడం, సెలవు రోజు ఎవరూ తలుపు కొట్టకుండా ఉండటం. అంతే. ఇంతకన్నా చిన్న కోరికలు ఎవరికైనా ఉంటాయా?

స్క్విడ్‌వర్డ్ మంచివాడని నేను అనట్లేదు. గర్వం ఉంది, నోరు దురుసు, ఎదుటివాడి సంతోషం చూస్తే చిరాకు. మొదటి సీజన్లలో ఆ గుణాలకి తగ్గ దెబ్బలు తగిలేవి కూడా. 'ఫూల్స్ ఇన్ ఏప్రిల్' చూడండి. స్పాంజ్‌బాబ్ చేసే ఏప్రిల్ ఫూల్ జోకులు ఎవరికీ హాని చేయనివి. స్క్విడ్‌వర్డ్ మాత్రం హద్దు దాటిన పని ఒకటి చేసి ఆ పిల్లాడిని ఏడిపించేస్తాడు. తర్వాత సారీ అనే మాట గొంతు దాటి బయటికి రాదు. ఆ మాట అనడానికి వాడు పడే అవస్థే మిగతా ఎపిసోడ్ అంతా. అక్కడ మనం నవ్వుతాం, నవ్వాలి కూడా. తప్పు చేశాడు, అనుభవిస్తున్నాడు, లోపల సిగ్గుపడుతున్నాడు. లెక్క సరిపోయింది.

ఇప్పుడు మొదటి సీజన్‌లో 'పిజ్జా డెలివరీ'కి వద్దాం. నా దృష్టిలో స్క్విడ్‌వర్డ్ అంటే ఇదే. ఒక కస్టమర్‌కి పిజ్జా అందించడానికి ఇద్దరూ బయల్దేరి దారి తప్పిపోతారు. తిండి లేదు, నీడ లేదు, కాళ్లు పీకేస్తున్నా పిజ్జా పెట్టె మాత్రం స్పాంజ్‌బాబ్ వదలడు. ఆకలేస్తోంది, ఆ పిజ్జా తినేద్దాం అని స్క్విడ్‌వర్డ్ అంటే అది కస్టమర్‌ది అంటాడు. ఎలాగోలా ఇల్లు చేరతారు. తలుపు తీసిన మనిషి, నా డ్రింక్ ఏది అంటాడు. డ్రింక్ ఆర్డర్ ఇచ్చినట్టు వీళ్లకి తెలియనే తెలియదు. ఆ మనిషి నాలుగు మాటలు అనేసి మొహం మీదే తలుపు వేసేస్తాడు. స్పాంజ్‌బాబ్ అక్కడే నిలబడి ఏడుస్తాడు.

ఈ చోట ఒకసారి వీడియో ఆపి స్క్విడ్‌వర్డ్ మొహం చూడండి. దారంతా తిట్టుకుంటూ వచ్చినవాడు. ఆ ఏడుపు చూసి ఒక్క క్షణం ఆగుతాడు. ఏమీ మాట్లాడడు. పిజ్జా పట్టుకుని వెళ్లి మళ్లీ తలుపు కొడతాడు, ఆ కస్టమర్ మొహానికేసి కొట్టి వచ్చేస్తాడు. వచ్చి స్పాంజ్‌బాబ్‌తో, తినేశాడు, మొత్తం ఒక్క ముద్దలో తినేశాడు అని అబద్ధం చెప్తాడు. నీకోసం చేశాను అనడు. ఆ తర్వాత మళ్లీ మామూలు విసుగు స్క్విడ్‌వర్డే. ఎంత బాగా రాశారండీ! పదకొండు నిమిషాల కార్టూన్‌లో ఒక మనిషి లోపల ఏముందో మొత్తం చూపించేశారు.

'క్రిస్మస్ హూ?'లోనూ అంతే. శాంటా రాలేదని స్పాంజ్‌బాబ్‌ని వెక్కిరించినవాడే, ఆ పిల్లాడు తనకోసం సొంతంగా చేసిన క్లారినెట్ చూశాక తట్టుకోలేక శాంటా వేషం వేసుకుంటాడు. అడిగినవాళ్లందరికీ ఇంట్లో సామానంతా పంచేస్తాడు.

2001లో వచ్చిన 'బ్యాండ్ గీక్స్' గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి నేను ఒక్క విషయమే చెప్తాను. చివరి ఫ్రేమ్. తనని ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడే స్క్విల్లియమ్ ముందు, పెద్ద స్టేడియంలో, స్క్విడ్‌వర్డ్ గెలుస్తాడు. ఆనందం పట్టలేక గాల్లోకి ఎగురుతాడు, బొమ్మ అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంకో జోక్ పెట్టి ఆ గెలుపుని పాడుచేయలేదు. కావాలనుకుంటే పెట్టగలిగేవాళ్లు. పెట్టలేదు.

2004 సినిమా తర్వాత హిల్లెన్‌బర్గ్ రోజువారీ బాధ్యతల నుంచి తప్పుకున్నారు. అక్కడి నుంచి మెల్లగా లెక్క మారింది. నాలుగో సీజన్‌లో 'గుడ్ నైబర్స్'. స్క్విడ్‌వర్డ్‌కి ఆదివారం సెలవు, ప్రశాంతంగా గడుపుదామనుకున్నాడు. స్పాంజ్‌బాబ్, ప్యాట్రిక్ వదలరు. విసిగిపోయి ఇంటికి సెక్యూరిటీ సిస్టమ్ పెట్టించుకుంటే, అది కాస్తా అదుపు తప్పి ఊరు మీద పడుతుంది. చివరికి శిక్ష ఎవరికి? స్క్విడ్‌వర్డ్‌కి. నేరం ఏంటంటే ఒక ఆదివారం ఒంటరిగా ఉండాలనుకోవడం!

ఆరో సీజన్‌కి వచ్చేసరికి ఇదే అలవాటైపోయింది. ఫ్యాన్స్ వీటికి స్క్విడ్‌వర్డ్ టార్చర్ ఎపిసోడ్లు అని పేరే పెట్టేశారు. 'హౌస్ ఫ్యాన్సీ'లో సోఫా జరిపే సీన్ ఉంది. స్క్విడ్‌వర్డ్ కాలి గోరు ఊడి వచ్చేస్తుంది. అది క్లోజప్‌లో, నెమ్మదిగా, చర్మంతో సహా లాగినట్టు చూపిస్తారు. ఆ అరుపు వినాలంటేనే ఒళ్లు జలదరిస్తుంది. రాడ్జర్ బంపస్ లాంటి గొప్ప వాయిస్ యాక్టర్ చేత ఇలాంటి అరుపులు అరిపించారు. చిన్న నిట్టూర్పుతో పాత్ర మనసంతా చెప్పగల గొంతు అది.

ఎనిమిదో సీజన్‌లో వచ్చిన 'ఆర్ యూ హ్యాపీ నౌ?' ఇంకా ఘోరం. తన జీవితంలో ఒక్క సంతోషకరమైన జ్ఞాపకం కూడా లేదని స్క్విడ్‌వర్డ్‌కి తెలిసొస్తుంది. ఎంత మంచి కథ అయ్యుండేది ఇది! కానీ దాన్ని ఏం చేశారు? తాడు చూపించి, చివరికి అది పక్షి పంజరం వేలాడదీయడానికి అంటారు. తల ఓవెన్‌లో పెట్టించి, లోపలి నుంచి కేకులు తీయడానికి అంటారు. ఆత్మహత్య గుర్తొచ్చేలా చేసి నవ్వమంటున్నారు, అదీ పిల్లలు చూసే షోలో.

ఇక 'లిటిల్ యెల్లో బుక్', తొమ్మిదో సీజన్. స్పాంజ్‌బాబ్ డైరీని స్క్విడ్‌వర్డ్ అందరికీ చదివి వినిపిస్తాడు. అది తప్పే, అందులో అనుమానం లేదు. కానీ రెస్టారెంట్‌లో కూర్చుని పగలబడి నవ్వినవాళ్లంతా, స్పాంజ్‌బాబ్‌కి తెలిసిపోయిన మరుక్షణం పెద్దమనుషులైపోయి స్క్విడ్‌వర్డ్ మీద పడతారు. విన్నవాళ్లకి ఏ శిక్షా లేదు. అసలు ఆ సంగతే కథకి పట్టదు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. దెబ్బ తిన్నాడు, సరే. ఎందుకు తిన్నాడో కూడా రాసినవాళ్లు ఆలోచించలేదు.

పెద్దయ్యాక మనమందరం స్క్విడ్‌వర్డ్‌లమే అని చాలామంది అంటుంటారు. నా గొడవ అది కాదు. నేను చెప్పేది కథ గురించి. ఒకడు దెబ్బ తింటే మనం నవ్వాలంటే ఏదో ఒకటి ఉండాలి. వాడే కొనితెచ్చుకుని ఉండాలి, లేదా చివరికి వాడికి ఏదైనా దక్కాలి, కనీసం పక్కనున్న ఒక్కరికైనా వాడి నొప్పి తెలియాలి. మొదటి సీజన్లలో ఈ మూడింటిలో ఒకటి తప్పకుండా ఉండేది. తర్వాత వచ్చిన వాటిలో మూడూ లేని ఎపిసోడ్లే గుర్తుండిపోయాయి.

దీనివల్ల స్క్విడ్‌వర్డ్ కంటే ఎక్కువ నష్టపోయింది స్పాంజ్‌బాబ్ అని నా అభిప్రాయం. మనకి స్పాంజ్‌బాబ్ ఎందుకు నచ్చాడు? ఎదుటివాడి మొహం కాస్త చిన్నబోయినా తల్లడిల్లిపోతాడు కాబట్టి. అలాంటివాడు, పక్కింటాయన ఇల్లు కూలిపోయి, ఒళ్లంతా కట్లతో పడి ఉంటే నవ్వుతూ నిలబడితే, అది అమాయకత్వం అనిపించదు. పట్టనితనం అనిపిస్తుంది. స్క్విడ్‌వర్డ్‌ని ఏడిపించడం కోసం స్పాంజ్‌బాబ్ మనసు తీసేశారు. రెండు పాత్రలు పాడయ్యాయి.

ఇప్పుడు ఏం చూడాలి అంటే, మొదటి మూడు సీజన్లు కళ్లు మూసుకుని మొదలుపెట్టండి. 'పిజ్జా డెలివరీ', 'లిటిల్ యెల్లో బుక్' వెంటవెంటనే చూడండి, నేను చెప్పింది అరగంటలో మీకే అర్థమవుతుంది. ఇంట్లో చిన్నపిల్లలతో కలిసి చూస్తుంటే 'ఆర్ యూ హ్యాపీ నౌ?' మాత్రం దాటేయండి. 'హౌస్ ఫ్యాన్సీ'లో సోఫా జరపడం మొదలవ్వగానే ముందుకి జరిపేయండి.